పల్లిపట్టీయే ప్రొటీన్ బారా?

"అమెరికావాడు రంగుకాగితం చుట్టి నూరు రూపాయలకు అమ్మే ప్రొటీన్ బారు మరేదో కాదు, మన అమ్మమ్మలు చేసిపెట్టిన పల్లిపట్టీయే" అన్న సందేశం గడచిన ఏడాదిలో నాకు కనీసం పదిమంది నుండి వచ్చి ఉంటుంది. పంపినవారిలో నా పూర్వ విద్యార్థులున్నారు, నాతోపాటు పండిత శిక్షణ పొందిన సహాధ్యాయులున్నారు, బ్లాగు మిత్రులు ఇద్దరున్నారు. వారి అభిమానాన్ని నేను శంకించను. ముప్పై అయిదేళ్ళు తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి, మనదన్న దానిమీది మమకారంలో ఎవరికీ తీసిపోను. అయినా ఆ మాట నాకు మింగుడుపడలేదు. నా అభ్యంతరం సాహిత్య సంబంధి కాదు, గణిత సంబంధి. తెలుగు పండితుడు లెక్కలలోకి దిగినాడని నవ్వేవారు నవ్వవచ్చు. ఈ లెక్కకు కూడిక, భాగహారం చాలు.

ఈ గొడవ నాకెందుకు వచ్చిందో ముందుగా విన్నవిస్తాను. వైద్యుడు నాకిచ్చిన చీటీలో రెండు ఆదేశాలున్నాయి. ఒకటి, చక్కెర వ్యాధి గడప దగ్గరే నిలిచి ఉన్నది గనుక 76 కిలోల బరువును 70కి దింపవలెను. రెండు, నేలమీద కూర్చుంటే చేయి ఊనకుండా లేవలేకపోతున్నాను గనుక మాంసకృత్తులు పెంచవలెను. తక్కువ తినుమనడం, ఎక్కువ తినుమనడం ఒకే కాగితం మీద, ఒకే చేవ్రాలు కింద! అలంకారశాస్త్రంలో దీనిని విరోధాభాస అంటాము. పైకి విరోధంగా కనబడి, అర్థం విచారిస్తే పరిహారం అయ్యేది. ఆ పరిహారాన్ని వెదికే పనిలోనే ప్రొటీన్ బార్ల జోలికి పోవలసి వచ్చింది.

మాంసకృత్తులు అన్న మాట గురించి ఒక చిన్న పిట్టకథ. మా ఇంట గుడ్డు కూడా ప్రవేశించదు. కందిపప్పులో మాంసకృత్తులు ఉంటాయని నేనొకసారి అంటే మా అమ్మ ఆ పూట పప్పు ముట్టలేదు. కృత్తు అంటే చేసేది. మాంసాన్ని, అంటే ఒంటి కండను చేసేది గనుక మాంసకృత్తు అయింది తప్ప మాంసం నుండి వచ్చేది అని కాదు అని వ్యుత్పత్తి చెప్పి ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. నిజానికి ఇంగ్లీషువారి మాట కంటే మన మాటే అర్థవంతమైనది. వారి ప్రొటీన్ గ్రీకు భాషలో 'మొదటిది' అన్న పదం నుండి పుట్టింది. 1838లో బెర్జీలియస్ సూచించగా ముల్డర్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చినాడు. మొదటిది అనడం గొప్పే గానీ, అది ఏం పని చేస్తుందో ఆ పేరు చెప్పదు. మన పేరు చెబుతుంది. ముసలితనంలో కండ కరగిపోవడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటున్నారు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ కూర్చిన పేరిది. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. తెలుగు చేస్తే మాంసదారిద్ర్యం. మాంసదారిద్ర్యానికి మాంసకృత్తు మందు అనడంలో ఎంత పొందిక ఉన్నదో చూడండి. అయితే కృత్తు ఒక్కటే చాలదు, దానికి పని కల్పించాలి. కుర్చీ మీద నుండి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం రోజుకు ముప్పైసార్లు చేస్తున్నాను. ఇది వ్యాసవిషయం కాదు గనుక ఇక్కడికి చాలు.

ఇక లెక్క. 1918లో అమెరికాలో లులు హంట్ పీటర్స్ అనే వైద్యురాలు బరువు తగ్గదలచిన వారికోసం ఒక పుస్తకం రాసింది. సాధారణ జనానికి కెలోరీలు లెక్కపెట్టడం నేర్పిన తొలి పుస్తకాలలో అదొకటి. ఒక రొట్టెముక్క తిన్నాను అనకుండా 100 కెలోరీల రొట్టె తిన్నాను అని చెప్పుకోవాలని ఆమె బోధన. ఆ 100 అనే కొలత నాకు నచ్చింది. ఏ పదార్థమైనా సరే, 100 కెలోరీల మేరకు తింటే అందులో ఎన్ని గ్రాముల మాంసకృత్తులు ముడుతాయి? ఇదొక్కటే నేను అడిగే ప్రశ్న.

మన వంటింటి సరుకులనే ఈ తక్కెడలో వేస్తే ఇలా తేలుతుంది. బియ్యం రెండు గ్రాములు. జొన్నలు మూడు. నువ్వులు కూడా ఇంచుమించు మూడే. అందరూ ఆకాశానికెత్తే బాదంపప్పు నాలుగుకు లోపే. పల్లీలు నాలుగున్నర. పెరుగు అయిదు. పుట్నాలు ఆరు. కంది, పెసర, బబ్బెర్లు ఆరు నుండి ఏడు. కోడిగుడ్డు ఎనిమిదిన్నర దాకా. వెన్న పూర్తిగా తీసిన పాలు పది. మీల్ మేకర్ అని మనం కూరలో వేసే సోయా ముక్కలు పదిహేను. అంకెలు పుస్తకానికీ పుస్తకానికీ కొద్దిగా మారతాయి గానీ వరుస మారదు.

పల్లిపట్టీ మాటేమిటి? బజారులో దొరికే 30 గ్రాముల పట్టీలో 18 గ్రాముల పల్లీలు, 12 గ్రాముల బెల్లం ఉన్నాయనుకుందాం. మాంసకృత్తులు నాలుగు గ్రాముల పైచిలుకు. కెలోరీలు 140 దరిదాపు. మన కొలతలో మూడు. జొన్నరొట్టెతో సమానం! పల్లీలో సగానికి దగ్గరగా ఉన్నది నూనె. మాంసకృత్తు గ్రాముకు నాలుగు కెలోరీలిస్తే నూనె తొమ్మిది ఇస్తుంది. పైగా బెల్లంలో మాంసకృత్తు చెప్పుకోదగినంత లేదు, కెలోరీలు మాత్రం చక్కెరకు దాదాపు సమానంగా ఉన్నాయి. బెల్లం మనదని చెప్పినంత మాత్రాన అది కెలోరీలు తగ్గించుకోదు.

మూడు తక్కువ ఎట్లా అవుతుందని అడుగుతారేమో. నాకు రోజుకు 1600 కెలోరీలు మించరాదన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 70 కిలోలకు 58 గ్రాములు. పెద్దవయసు వారికి కిలోకు ఒక గ్రాము నుండి 1.2 దాకా మేలని 2013లో ఐరోపా నిపుణుల బృందం ఒకటి సూచించింది. అలా చూస్తే నాకు 70 గ్రాములైనా ఉండాలి. (మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు, వారు వైద్యుని మాటే వినాలి.) 1600కు 70 అంటే, దినమంతా తిన్న తిండి సగటున 100 కెలోరీలకు నాలుగున్నర పలకాలి. అన్నం రెండుతో ఆ సగటును కిందికి గుంజుతూనే ఉంటుంది. తరగతి సగటు నాలుగున్నర ఉండాలనుకున్నప్పుడు మూడు మార్కుల పిల్లవాడిని చేర్చుకుంటే సగటు పెరుగుతుందా, తరుగుతుందా? పల్లిపట్టీ ఎంత మంచి పిల్లవాడైనా ఆ పరీక్షలో సగటుకు సాయపడే విద్యార్థి కాడు. కాబట్టి నా వంటివాడు ప్రొటీన్ కోసమని పల్లిపట్టీ తింటే, ప్రొటీన్ పేరు చెప్పి మిఠాయి తిన్నట్టే.

ఇలా అన్నందుకు ఒక మిత్రుడు ఫోనులో కోపగించుకున్నాడు. "అయితే మన పూర్వులకు తెలివి లేదంటావా?" అన్నాడు. ఆయనకు చెప్పిన సమాధానమే ఇక్కడ విస్తరించి చెబుతున్నాను, ఎందుకంటే అసలు విషయం ఇందులోనే ఉన్నది.

ముందుగా, పల్లీ మన పూర్వులది కాదు. అది దక్షిణ అమెరికా నుండి వచ్చిన పంట. కొలంబసు ఓడ 1492లో అటు చేరిన తర్వాతనే తక్కిన లోకానికి పరిచయమైంది. మా పాలకుర్తిలో పుట్టిన సోమనాథునికి దాని పేరే తెలియదు. పక్కనే ఉన్న బమ్మెర పోతనామాత్యుడు దశమ స్కంధంలో గోపబాలకుల చల్దిబంతిని కన్నులకు కట్టినట్టు వర్ణించినాడు గదా, ఆ చల్దులలోనూ పల్లీకి చోటు లేదు. మన దగ్గర అనాదిగా ఉన్నవి నువ్వులు, శనగలు, పెసలు, జొన్నలు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు విసిరి బెల్లం కలిపి చేసే పేలపిండి, సద్దుల బతుకమ్మనాటి నువ్వుల సద్ది, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద, ఇవి మన దారిబత్తెపు తిండ్లు. పల్లిపట్టీ వీటి తర్వాత వచ్చి చేరిన చుట్టం. చుట్టమైనా ఇంటివాడైపోయినాడు, సంతోషమే. వంశవృక్షం మాత్రం సరిగ్గా గీయాలి.

రెండవది, ఈ తిండ్లను తిన్నవారెవరు? చేనిలో నాగలి పట్టినవారు, వరినాట్లకు వంగినవారు, పదికోసులు నడిచి జాతరకు పోయినవారు. వారికి కావలసింది మాంసకృత్తు మాత్రమే కాదు, ముందుగా శక్తి. పిడికెడు పరిమాణంలో ఎక్కువ కెలోరీలు పట్టి ఉండడమే ఆ పదార్థాల సుగుణం. నేను బడిలో చేరిన రోజులలో, అంటే 1960ల చివర, మా తరగతిలో మధ్యాహ్నానికి నీరసించి గోడకు చేరగిలబడే పిల్లలుండేవారు. వాళ్ళ ముందర కెలోరీ ఎక్కువైందని ఎవరైనా అంటే అది క్రూరపరిహాసం అయ్యేది.

మన పోషకాహార సంస్థ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. అమెరికా వైద్యురాలు లావైనవారికి 100 కెలోరీల పాఠం చెప్పిన ఆ 1918లోనే, నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన ప్రారంభించినాడు. అక్కడ తిండి ఎక్కువై జబ్బు, ఇక్కడ తిండి సరిపడక జబ్బు. కూనూరు గది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనిపించుకుంటున్నది. వారు బక్కచిక్కిన పిల్లలకోసం ఒక మిశ్రమం రూపొందించినారు. హైదరాబాద్ మిక్స్ అని దానికి పేరు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు. 330 కెలోరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. మన కొలతలో వేసి చూడండి: మూడున్నర కూడా లేదు! అయినా అది ఎందరో పిల్లలను నిలబెట్టదగిన ఆహారం, ఎందుకంటే ఆ పిల్లలకు రెండూ కావాలి. 1996లో ఆంద్రే బ్రియాన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరువు దేశాల పిల్లలకోసం రూపొందించిన ప్లంపీనట్ అనే పల్లీముద్దకూ ఇదే సూత్రం. 92 గ్రాముల పొట్లంలో 500 కెలోరీలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు రోజులు చిక్కీ చేర్చినారు. ఎదిగే పిల్లలకు అది ఎంతో తగిన పని.

కనుక పూర్వులకు తెలివి లేదని నేననను. వారి తిండి వారి శ్రమకు తగినది. ఆ శ్రమను వదిలిపెట్టి, కుర్చీలో కూర్చుని, వారి తిండిని మాత్రం వారసత్వంగా పుచ్చుకుని, పైగా దానికి ప్రొటీన్ బారు అని కొత్త బిరుదు తగిలించడం మన తెలివి.

ఇక రంగుకాగితపు బార్ల సంగతి. ఇవీ మొదట కూర్చున్నవారికోసం పుట్టినవి కావు. 1986లో బ్రయన్ మాక్స్‌వెల్ అనే మారథాన్ పరుగువీరుడు కాలిఫోర్నియాలో పవర్‌బార్ అనేదాన్ని అమ్మకానికి తెచ్చినాడు. దూరపు పరుగులో శక్తి అడుగంటినప్పుడు తినడానికి. 2000లో నెస్లే దానిని కొనుక్కున్నది. ఆ తర్వాత పరుగు తగ్గి, ప్రొటీన్ పెరిగి, బారు మాత్రం మిగిలింది. ఇప్పుడు రైట్‌బైట్, యోగా బార్, ది హోల్ ట్రూత్ వంటి మనదేశపు సరుకే పట్టణాల దుకాణాలలో వరుసగా కనబడుతున్నది. జనగామ దాకా ఎందుకు, మా పాలకుర్తిలో మందుల దుకాణంలో కూడా అద్దాల పెట్టెలో రెండు రకాలు పెట్టినారు.

వీటిలో ఎక్కువ బార్లకు ప్రాణం వే ప్రొటీన్ అనే పొడి. దీనికి తెలుగు లేదని చింతించకండి: విరిగిన పాలలో గడ్డ తీసివేయగా మిగిలే తేట నుండి వచ్చేదే అది. చీజు చేసే దేశాలలో ఒకప్పుడు ఆ తేటను పందులకు పోసేవారు, కాలువలలోకి వదిలేవారు. తర్వాత సన్నని పొరల గుండా వడగట్టి పొడి చేయడం నేర్చినారు. నూరు గ్రాముల మంచి పొడిలో 80 గ్రాములు మాంసకృత్తే. ఇంత చిక్కని పదార్థం మన వంటింట్లో మరొకటి లేదు. కాబట్టి 60 గ్రాముల బారులో 20 గ్రాముల మాంసకృత్తులు, 230 కెలోరీలు ఇమడగలుగుతున్నాయి. మన కొలతలో ఎనిమిదిన్నర, కోడిగుడ్డుతో సమానం. గుడ్డు ముట్టని ఇంటివాడికి ఇది చిన్న విషయం కాదు. పల్లిపట్టీతో దీన్ని ఒక గాటన కట్టడం అన్యాయం అన్నది ఇందుకే.

అయితే ప్రొటీన్ అని పెద్ద అక్షరాలలో రాసిన ప్రతి బారూ ఈ పరీక్షలో నెగ్గదు. 50 గ్రాముల బారులో 10 గ్రాముల మాంసకృత్తులు, 220 కెలోరీలు ఉన్నవి నేను చూసినాను. కొలతలో నాలుగున్నర, వట్టి పల్లీలు బుక్కినా అంతే వస్తుంది. కాబట్టి ముందువైపు అక్షరాలను కవిత్వంగా భావించి, వెనుకవైపు చిన్న అక్షరాలను వచనంగా చదవాలి. ఆ అట్ట మీద అంకెలు 100 గ్రాములకు ఇచ్చినారా, ఒక బారుకు ఇచ్చినారా అన్నది మొదట చూడాలి. నా భూతద్దానికి బాగా పని తగిలింది ఇక్కడే. ఆపైన దినుసుల జాబితా. ఎక్కువ తూకం ఉన్న దినుసు ముందు, తక్కువది తర్వాత రావాలన్నది మనదేశపు నియమం. మొదటి రెండు మూడు పేర్లలో పాల ప్రొటీనో, సోయాయో, పప్పుగింజలో ఉంటే సరే. గ్లూకోజ్ సిరప్, బియ్యపు సిరప్, తేనె, బెల్లం అని తీపినే నాలుగు పేర్లతో విడదీసి రాస్తే, ఒక్కొక్కటి తక్కువై జాబితాలో కిందికి పోతుంది. ఒకే కర్తకు నాలుగు విశేషణాలు పెట్టి నలుగురు మనుషులని నమ్మించడం ఇది. "చక్కెర కలపలేదు" అన్నదానిలో ఖర్జూరం ముద్ద ఉంటే చక్కెర కలపలేదన్న మాట నిజమే, చక్కెర ఉన్నమాటా నిజమే.

చక్కెరకు బదులు మాల్టిటాల్ వంటివి వేసేవి ఇంకొక తెగ. వీటికి కెలోరీలు చక్కెరలో సగానికి కొంచెం ఎక్కువ. రక్తంలో చక్కెరను తక్కువగా పెంచుతాయి గానీ అసలు పెంచవనుకోకూడదు. ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది, పరుగు తీయిస్తుంది. అందుకే అట్టమీద విరేచనకారి కావచ్చునని రాస్తారు. ప్రయాణాలలో జాగ్రత్త వహించండి అని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

మా అబ్బాయి డల్లాసు నుండి వస్తూ ఒక పెట్టెడు బార్లు తెచ్చి, "బాపూ, ఇవి మీకోసమే" అన్నాడు. మనదేశపు పొట్లాల మీద ఉండే పచ్చచుక్క వాటి మీద లేదు. చదివితే ఒకదానిలో గుడ్డు తెల్లసొన, మరొకదానిలో కొల్లాజెన్. కొల్లాజెన్ అంటే పశువుల చర్మం, ఎముకల నుండి తీసేది. మా ఆచారం సంగతి పక్కన పెట్టినా, అది కండకు ఉపకరించడంలో పాలకంటే, గుడ్డుకంటే చాలా వెనుకబడినది; ఒక ముఖ్యమైన దినుసు అందులో మొత్తానికే లేదు. గ్రాములు చూపించడానికి మాత్రం పనికివస్తుంది. ఆ పెట్టె పక్కింటి కుర్రవాళ్ళకు చేరింది.

రుచి విషయం చెప్పకపోతే ఈ టపా అసంపూర్ణమవుతుంది. మాంసకృత్తు పెరిగినకొద్దీ బారుకు రుచి తరుగుతుంది. ఇది నేను చేసుకున్న సూత్రం. 20 గ్రాములవి కొన్ని తడిసిన సుద్దముక్కను నమిలినట్టుంటాయి, సుద్దముక్కతో బ్రతికినవాణ్ణి గనుక పోలిక నమ్మండి. చలికాలంలో బండబారుతాయి. కోకో వేసినవి మేలు. పండ్ల వాసనలు వేసినవి నాకు దగ్గుమందును గుర్తుచేస్తాయి. నేను కనుగొన్న పద్ధతి ఏమంటే, బారును ఎండలో పది నిమిషాలుంచి కత్తితో నాలుగు ముక్కలు చేసి, చక్కెర లేని అల్లం చాయతో సాయంకాలం రెండు ముక్కలు, మరునాడు రెండు ముక్కలు తినడం. వారానికి రెండు బార్లు మించను. పల్లిపట్టీని మా పళ్ళవైద్యుడే నిషేధించినాడు, అది వేరే కథ. అయినా మా ఆవిడ దాన్ని రోట్లో దంచి చెంచాడు చేతిలో పోస్తే తింటాను. అప్పుడు దానిని ప్రొటీన్ అని పిలవను. మిఠాయి అనే పిలుస్తాను. మిఠాయిగా అది ప్రపంచంలో దేనికీ తీసిపోదు.

ఈ సంగతులన్నీ ముసలివాడి చాదస్తంగా మిగిలిపోయేవి, ఒక సంఘటన జరగకపోతే. మా బడి మైదానంలో తెల్లవారుజామున పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకోసం పిల్లలు పరుగు సాధన చేస్తుంటారు. మగపిల్లలు 1600 మీటర్లు, ఆడపిల్లలు 800. నేను అక్కడే నడుస్తాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి చేతిలో ఒకనాడు ఈ బారు కనబడింది. "సార్, గిది మంచిదేనా? రోజు ఒకటి తినుమన్నరు" అన్నది. తల్లి పత్తి ఏరబోయి తెచ్చే కూలిలో నుండి రోజుకు దాదాపు నూరు రూపాయలు! వెనుకవైపు చదివి చూస్తే మంచి బారే. అయితే ఎవరికి?

"బిడ్డా, మీ ఇంట్ల గుడ్లు తింటరా?" అని అడిగినాను. తింటామన్నది. మూడు గుడ్లలో ఆ బారంత మాంసకృత్తు ఉన్నది, వెల నాలుగోవంతు. బారు వెలకు అరకిలో పుట్నాలు వస్తాయి, అందులో 110 గ్రాముల మాంసకృత్తులున్నాయి. పైగా ఆ పిల్ల సన్నగా రివటలా ఉన్నది, గంటసేపు ఉరుకుతున్నది. నాకు శత్రువైన కెలోరీ ఆమెకు మిత్రుడు. పరుగు తర్వాత ఒక పల్లిపట్టీ, ఒక అరటిపండు, ఇంటికి పోయి గుడ్లు, మధ్యాహ్నం పప్పు, సాయంకాలం బబ్బెర గుడాలు. ఇంతే చెప్పినాను. "పల్లిపట్టీ తినొచ్చా సార్, లావైతరంటరు గద?" అన్నది ఆశ్చర్యంగా. పల్లిపట్టీని ఇంతసేపు విమర్శించిన నేనే ఆమెకు దాన్ని కొనిపెట్టినాను. శరీరం పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలలో కూడా ఉన్నది.

ఆ అమ్మాయికి తెలియనిది, సందేశం పంపిన నా మిత్రులు పట్టించుకోనిది ఒకటే. ఒకరు ఖరీదైనది గనుక బారును నమ్మినారు, మరొకరు మనది గనుక పట్టీని నమ్మినారు. తినేవాడు ఎవడు, వాడు ఆ పూట ఏం పని చేసినాడు అని ఇద్దరూ అడగలేదు. శివరాత్రికి మా సోమేశ్వరుని జాతరలో పుట్నాలు పేలాలు కొని కొంగున కట్టుకుని గుట్ట ఎక్కి దిగే ముసలమ్మలను చూసినప్పుడు, నా కొలతలో ఆరు పలికే పుట్నాలు, ఆ గుట్ట మెట్లు ఒకే దారిలో ఉండడం నాకు ముచ్చటగా తోస్తుంది.

బారు వలదనుకునే శాకాహార మిత్రులకోసం మా ఇంట కుదిరిన కొలత ఒకటి ఇస్తాను. పుట్నాల పిండి 60 గ్రాములు, వెన్న తీసిన పాలపొడి 30, వేయించిన నువ్వులు 10, బెల్లం తురుము 20. గోరువెచ్చని పాలు చిలకరించి నాలుగు ముద్దలు కట్టాలి. ఒక్కొక్కదానిలో ఆరు గ్రాముల పైన మాంసకృత్తులు, 115 కెలోరీలు. కొలతలో అయిదున్నర. వే పొడి లేకుండా, తీపి ఉండి, ఇంతకు మించి పైకెక్కడం నాకు సాధ్యపడలేదు. శనగలో కొరవడిన దినుసు నువ్వులో, నువ్వులో కొరవడినది శనగలో ఉండడం వల్ల రెండూ ఒకదానినొకటి పూరిస్తాయి. పాలు తగిలినవి గనుక రెండు రోజులలో తినివేయాలి. ఇద్దరికి రోజుకొకటి చొప్పున సరిగ్గా సరిపోతాయి.

పోయినసారి మా ఆవిడ నాకు చెప్పకుండా నువ్వులు మూడింతలు వేసింది. రుచి అద్భుతం. లెక్క వేస్తే కొలత అయిదుకు దిగింది. ఈసారి ఎన్ని వేయాలన్న దానిమీద మా ఇద్దరి మధ్య చర్చ ఇంకా తెమలలేదు.